మంత్రాలున్న లోకంలో హత్య జరిగితే హంతకుణ్ణి పాఠకుడు కనిపెట్టగలడా?

డిటెక్టివ్ నవలలు చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను గానీ, ఫాంటసీ లోకంలో జరిగే హత్య కథ చదవడం ఇదే మొదలు. సగం దాకా వచ్చాను, పుస్తకం వదలబుద్ధి కావడం లేదు.

గదికి లోపలి నుంచి గడియ, లోపల శవం. ఆ లోకంలో మంత్రగాడు తన కంటికి కనిపించే చోటుకు మాత్రమే మాయమై వెళ్లగలడని మొదట్లో ఎక్కడో మాటల మధ్య చెప్పారు. అది గుర్తొచ్చి, ఆ తలుపుకు తాళం కన్నం ఉందా అని పేజీలు వెనక్కి తిప్పి చూశాను. ఉంది! ఒళ్లు జలదరించింది.

నా సందేహం ఇక్కడే. ఇంగ్లిష్ డిటెక్టివ్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు రాసిన పది నియమాల్లో రెండోదే అతీత శక్తులు కుదరవని. మంత్రంతో ఏదైనా జరిగిపోతే క్లూలకు విలువేముంది? కానీ మంత్రానికి హద్దులు ముందే చెప్పేస్తే అదీ ఒక క్లూనే కదా అనిపిస్తోంది. చివర్లో ఎవరూ వినని కొత్త మంత్రం తెచ్చి ముడి విప్పేస్తారేమోనని మాత్రం టెన్షన్‌గా ఉంది.

ఇలాంటివి చదివే అలవాటున్నవాళ్లు చెప్పండి. నోట్సు రాసుకుంటూ హంతకుణ్ణి ఊహిస్తారా, కథ ఎటు తీసుకెళ్తే అటు వెళ్లిపోతారా? నియమాలన్నీ ముందే చెప్పి ఆట మొదలుపెట్టే నవలలు ఉంటే పేర్లు చెప్పండి. ముగింపు మాత్రం చెప్పొద్దు, ప్లీజ్.