అప్‌డేట్: నా నామినేషన్ స్క్రూటినీలో (అధికారుల పరిశీలనలో) నెగ్గింది

నిజామాబాద్ లోక్‌సభకు ఇండిపెండెంట్‌గా నిలబడాలంటే ఏం కావాలని మొన్న అడిగాను కదా. నామినేషన్ ఓకే అయింది! సలహా ఇచ్చిన అందరికీ దండాలు.

డిపాజిట్ 25 వేలు, ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా, ఇవి తేలికే. చిక్కంతా ప్రతిపాదకుల దగ్గర, అంటే నా పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్‌పై సంతకం పెట్టే పదిమంది దగ్గర వచ్చింది. పదిమందీ ఈ నియోజకవర్గం ఓటర్లే కావాలి. వర్నిలో ఉండే మా బావ సంతకం పెట్టేశాడు. వర్ని మా జిల్లాయే గానీ, బాన్సువాడ అసెంబ్లీ కిందికొస్తుంది, అంటే జహీరాబాద్ లోక్‌సభ సీటు. ఓటరు జాబితాలో వరుస నంబర్లు వేలు పెట్టి సరిచూస్తుంటే రాత్రి బయటపడింది. పొద్దున్నే ఆర్మూర్ నుంచి ఒక రైతన్న వచ్చి, వేళ్లకు పసుపు మరకలతోనే సంతకం చేశాడు. 2019లో ఇక్కడ పసుపు రైతులు వందకు పైగా నిలబడితే మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. ఆ పట్టుదలే నన్నూ నిలబెట్టింది.

అఫిడవిట్‌లో (ఆస్తులు, కేసుల వివరాలిచ్చే ప్రమాణపత్రం) ఒక్క గడి కూడా ఖాళీగా వదలకండి. నామినేషన్ల ఉపసంహరణ గడువు అయ్యాక ఎన్నికల గుర్తు ఇస్తారు.