సమస్య: తండ్రి గర్భమందుఁ దనయుఁ డుండె

నిర్వాహకురాలు:
ఈ వారం ఆటవెలది. ఇచ్చినది నాలుగో పాదం. పురాణం నుంచి తెచ్చినా సరే, జీవశాస్త్రం నుంచి తెచ్చినా సరే, అసంభవం సంభవం కావాలి.

శంఖుపూలు:
మంత్రజలము దప్పి మాన్పఁగఁ ద్రావిన
రాజు కడుపు పండె రాణి చూడ;
మహిని నేలఁబోవు మాంధాత యాతఁడే
తండ్రి గర్భమందుఁ దనయుఁ డుండె.

నిర్వాహకురాలు:
యువనాశ్వుని కథ ఎవరో ఒకరు తెస్తారనుకున్నాను. "రాణి చూడ" అన్న రెండు మాటలే పద్యాన్ని నిలబెట్టాయి. రాజు పేరు కూడా ఇమిడి ఉంటే కథ తెలియనివారికీ అందేది.

కడలిగాలి:
కడలి గుఱ్ఱ మగని కడుపు సంచిని గ్రుడ్లు
పెట్టి యాలు తొలఁగెఁ బిండ మెదిగె
వింత గాదు ప్రకృతి విధి యింతె యనిపించె
తండ్రి గర్భమందుఁ దనయుఁ డుండె.

పాతచాదస్తం:
గణాలు, యతులు కుదిరాయి. మూడో పాదం ఉత్త నింపుడు. అసలు లోపం రెండో పాదంలో ఉంది. గుడ్లు పెట్టగానే పిండం ఎదిగిందా? ఫలదీకరణం ఏది? ఆలు సంచిలో ఉంచేది అండాలను మాత్రమే. మగని శుక్రకణం వాటితో అక్కడ కలిస్తేనే సంయుక్తబీజం. అది విభజన చెందుతూ పోతేనే పిండం. మీ పద్యంలో మగ గుర్రం ఎవరి గుడ్లనో మోస్తోంది తప్ప తండ్రి కాలేదు. సమస్యలో మొదటి మాటే తండ్రి!

శంఖుపూలు:
డార్విన్ కప్పతో పూరించవచ్చా? చిలీ, అర్జెంటీనా అడవుల్లో ఉంటుంది. మగ కప్ప పిల్లలను గొంతు సంచిలో పెంచుతుంది.

పాతచాదస్తం:
ఒప్పుకోను. అక్కడ ఫలదీకరణం శరీరం బయటే అయిపోతుంది. గుడ్లలో పిండాలు కదలడం మొదలయ్యాకే తండ్రి వాటిని నోట్లోకి తీసుకుంటాడు. అది గొంతే, గర్భం కాదు. కడలి గుర్రం సంచి సంగతి వేరు. లోపలి పొరలోని రక్తనాళాలు పిండాలకు ఆక్సిజన్ అందిస్తాయి. లోపలి ద్రవం ఉప్పదనం కూడా మెల్లగా సముద్రపు నీటికి దగ్గరవుతుంది, పిల్లలు బయటపడేనాటికి అలవాటు పడేలా.

కడలిగాలి:
సవరణ:
కడలి గుఱ్ఱ మగని కడుపు సంచిని గ్రుడ్లు
పెట్టి యాలు తొలఁగెఁ బ్రియుఁడు నిలిచె;
అచట వీర్యకణము లండముల్ గలిసి యా
తండ్రి గర్భమందుఁ దనయుఁ డుండె.

నిర్వాహకురాలు:
ఇప్పుడు బీజాలు చేరడం, కలవడం, బిడ్డ నిలవడం వరుసలో పడ్డాయి. "ప్రియుఁడు నిలిచె" మొదటి దానికంటే ఎంతో మేలు. అయితే ఒక్కో కాన్పులో వందల పిల్లలు, కొన్ని జాతుల్లో వెయ్యికి పైనే. తనయుఁడు ఒక్కడేనా? ఆ ఏకవచనం సమస్యలోనే ఉంది కనుక మీకు మార్కులు తగ్గించను.

పాతచాదస్తం:
అందులో ఆడపిల్లలూ ఉంటారు కదా, వాళ్ల సంగతి?