మెట్రో సొరంగం పనికి సీఏఆర్ పాలసీ: పక్క భవనాల పగుళ్లకు డబ్బు వస్తుందా?

ప్రశ్న:
6 మీటర్ల వ్యాసంతో జంట సొరంగాలు, మధ్యరేఖ 15 మీటర్ల లోతున, పైన పాత ఇటుక భవనాలు. కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ (సీఏఆర్) అనే నిర్మాణ బీమా పాలసీని థర్డ్ పార్టీ సెక్షన్‌తో కలిపి తీసుకోబోతున్నాం. నేల కుంగి గోడలు పగిలితే క్లెయిమ్ నిలుస్తుందా? సొరంగమే కూలితే తిరిగి కట్టే ఖర్చంతా ఇస్తారా?

జవాబు 1:
థర్డ్ పార్టీ సెక్షన్ ఉంటే సరిపోతుందనుకోకండి. కంపనాల వల్ల, పునాది కింద ఆధారం బలహీనపడటం వల్ల కలిగే నష్టం మినహాయింపుల్లో ఉంటుంది. మ్యూనిక్ రీ అనే రీఇన్సూరెన్స్ సంస్థ పాలసీ రూపంలో దాన్ని తిరిగి చేర్చేది ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) 120. అదైనా భవనం పూర్తిగానో, కొంతమేరకో కూలితేనే వర్తిస్తుంది. స్థిరత్వాన్ని దెబ్బతీయని పైపై పగుళ్లకు, పని తీరును బట్టి ముందే ఊహించదగ్గ నష్టానికి ఏమీ రాదు. పైగా పని మొదలయ్యేనాటికి భవనం గట్టిగానే ఉండాలన్నది షరతు. కాబట్టి సొరంగం తవ్వే యంత్రం (టీబీఎం) దిగకముందే సర్వే పూర్తి చేయండి: తేదీలున్న ఫొటోలు, ఒక్కో పగులు వెడల్పు మిల్లీమీటర్లలో, యజమాని సంతకం.

జవాబు 2:
ఆ "ఊహించదగ్గ" అన్న మాట ఎంత బరువైనదో లెక్క వేస్తే తెలుస్తుంది. తవ్వే ముఖం వైశాల్యం 28.3 చదరపు మీటర్లు. వాల్యూమ్ లాస్ (సొరంగం పరిమాణానికి మించి లోపలికి జారే నేల శాతం) 1% అనుకుంటే మీటరు సొరంగానికి 0.28 ఘనపు మీటర్లు. కుంగుడు గుంట వెడల్పు కొలత లోతులో సగం, అంటే 7.5 మీటర్లు. 0.28ని 2.5 (సూత్రంలోని స్థిరాంకం) × 7.5తో భాగిస్తే సొరంగం నడినెత్తిన సుమారు 15 మిల్లీమీటర్లు. రెండో సొరంగం దీనికి తోడవుతుంది. డిజైన్ నివేదికలోనే ఈ అంకె ఉంటే అది ప్రమాదం కిందికి రాదు. మరమ్మతుల సొమ్ము టెండర్ ధరలోనే పెట్టుకోవాలి.

ముఖం దగ్గర ఒత్తిడి పడిపోయినా, రింగు (సొరంగం లోపలి కాంక్రీటు వలయం) వెనక ఖాళీని నింపే గ్రౌట్ ఆలస్యమైనా ఆ 1% ఇట్టే పెరిగిపోతుంది. అందుకే ప్రతి రింగుకూ మట్టి తూచాలి. 1.4 మీటర్ల రింగుకు నేలలో ఉన్నప్పటి లెక్కన 39.6 ఘనపు మీటర్లు. బెల్టు కాటా అంతకు మించి చూపిస్తే పైన ఖాళీ ఏర్పడుతోందని అర్థం.

జవాబు 3:
ఆ ఖాళీని పూడ్చే ఖర్చు కూడా మీదే. సొరంగాలకు పెట్టే ఎండార్స్‌మెంట్ 101 అదనపు తవ్వకాన్ని, నేలను గట్టిపరిచే పనుల్ని, ఊహించని నేల వల్ల పద్ధతి మార్చడాన్ని మినహాయిస్తుంది. కూలిన భాగానికి కూడా మీటరు సగటు నిర్మాణ ఖర్చులో ఇంత శాతమని గరిష్ఠ పరిమితి ఉంటుంది. కూలిన చోట తిరిగి కట్టడానికి మొదటి ఖర్చుకు కొన్ని రెట్లు పట్టవచ్చు, కాబట్టి బేరమాడాల్సింది ఆ శాతం మీదే.

డిజైన్ లోపం క్లాజు కూడా చూడండి. 2004 ఏప్రిల్ 20న సింగపూర్ నికోల్ హైవే దగ్గర మెట్రో తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. తవ్వకం గోడలను అడ్డంగా ఆపే స్ట్రట్‌కూ, గోడ వెంట ఉండే దూలం వేలర్‌కూ మధ్య జాయింటు డిజైన్‌లోనే బలహీనంగా ఉంది. అలాంటి చోట డిజైన్ లోపం క్లాజుల్లో రెండు రకాలైన లెగ్ 2కూ లెగ్ 3కీ చాలా తేడా వస్తుంది. నష్టానికి ముందే ఆ లోపాన్ని సరిదిద్ది ఉంటే అయ్యే ఖర్చును లెగ్ 2 క్లెయిమ్‌లోంచి కోసేస్తుంది. లెగ్ 3 మెరుగుపరచే ఖర్చును మాత్రమే కోస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి టీబీఎం నేలలో ఇరుక్కుంటే?

జవాబు 3:
దాన్ని బయటికి తీసే ఖర్చునూ, వదిలేయాల్సి వస్తే ఆ నష్టాన్నీ 101 మినహాయిస్తుంది. యంత్రానికి విడి కవర్ అడగండి. ప్రారంభం ఆలస్యమైతే పోయే ఆదాయానికి డీఎస్‌యూ (డిలే ఇన్ స్టార్టప్) కవర్ కూడా వేరుగానే తీసుకోవాలి.