రామోస్ కార్డుల లెక్క: రెండో పసుపు కార్డును ఏ గడిలో వేయాలి?

స్పెయిన్ ఫుట్‌బాల్ డిఫెండర్ సెర్గియో రామోస్ ఆట జీవితాన్ని సీజన్ల వారీగా పట్టికలో పెడుతున్నాను. 2005 నుంచి 2021 వరకు రియల్ మాడ్రిడ్ తరఫున ఆడిన 671 మ్యాచ్‌లలో అతనికి 26 ఎర్రకార్డులు వచ్చాయన్న విషయంలో పేచీ లేదు (జాతీయ జట్టుకు ఆడిన 180 మ్యాచ్‌లలో ఒక్కటీ రాకపోవడం వేరే వింత). చిక్కంతా పసుపు కార్డుల మొత్తం దగ్గరే వస్తోంది.

ఉదాహరణకు, 2010 నవంబరు 23న ఛాంపియన్స్ లీగ్‌లో అజాక్స్‌పై జట్టు 4-0 ఆధిక్యంలో ఉండగా, కాలయాపన చేసి రెండో పసుపు కార్డుతో (ఒకే మ్యాచ్‌లో రెండు పసుపులు వస్తే ఎర్రకార్డు చూపి బయటికి పంపుతారు) మైదానం వీడాడు. ఆరు రోజులకే, నవంబరు 29న, బార్సిలోనా చేతిలో 5-0తో ఓడిన మ్యాచ్ చివర్లో మెస్సీని తన్ని నేరుగా ఎర్రకార్డు తెచ్చుకున్నాడు. ఈ రెండో మ్యాచ్ లెక్కలో సందేహం లేదు. అజాక్స్ మ్యాచ్‌కు మాత్రం నేను చూసిన ఒక గణాంకాల సైటు రెండు పసుపు, ఒక ఎరుపు అని వేస్తే, మరొకటి ఒక పసుపు, ఒక ఎరుపు అని వేసింది. ఇంకొకటి రెండో పసుపుకు విడిగా ఒక గడే పెట్టింది. మ్యాచ్ నివేదికలతో సరిపోల్చి చూశాను గానీ, అవి జరిగింది చెబుతాయే తప్ప లెక్కించే పద్ధతి చెప్పవు. రెండు సైట్ల నిర్వాహకులకు రాసినా జవాబు రాలేదు. ఈ పద్ధతులను కలిపితే సీజన్ మొత్తాలు పొంతన లేకుండా పోతున్నాయి.

ఆటగాళ్ల గణాంకాలు కూర్చిన అనుభవం ఉన్నవారు చెప్పగలరా: రెండు పసుపు కార్డులతో బహిష్కరణకు గురైన మ్యాచ్‌లో ఆ రెండింటినీ పసుపు కార్డుల మొత్తంలో కలపాలా, వద్దా?