7 ఐరన్ 20 యార్డులు ఎక్కువ వెళ్తే ఆ సెట్ మంచిదైనట్టేనా?

బంజారా_బోగీ

అందరికీ నమస్కారం. గోల్ఫ్‌లో నా హ్యాండిక్యాప్ 19, అంటే రౌండుకు పార్ (కోర్సుకు నిర్ణయించిన దెబ్బల లెక్క) కంటే సుమారు అన్ని దెబ్బలు ఎక్కువ. ఎక్కువగా ఆడేది గోల్కొండలో, ఎవరైనా పిలిస్తే బోల్డర్ హిల్స్‌లో. ఇప్పుడున్న ఐరన్లు (లోహపు తల క్లబ్బులు, నంబరు పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది) పాతకాలం క్యావిటీ బ్యాక్ (తల వెనక గుంట ఉన్నవి), స్టీల్ షాఫ్ట్ (కర్ర), 7 ఐరన్ లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం, 34 డిగ్రీలు. ముఖం మీది గ్రూవ్స్ (గాడులు) అరిగిపోయాయి, ఇక మార్చాల్సిందే.

ఓ షాపులో సిమ్యులేటర్ మీద చాలా సెట్లు కొట్టి చూశాక రెండు మిగిలాయి. మొదటిది బోలు తల ఉన్న కొత్త రకం, 7 ఐరన్ 28.5 డిగ్రీలు, సగటు క్యారీ (బంతి గాలిలో వెళ్లిన దూరం) 158 యార్డులు. రెండోది ఫోర్జ్‌డ్ క్యావిటీ బ్యాక్, 33 డిగ్రీలు, క్యారీ 141. నా పాత 7తో అక్కడే కొడితే 138 వచ్చింది. షాపు కుర్రాడు స్క్రీన్ వైపు చెయ్యి చూపించి "ఇంకా ఆలోచన దేనికి సార్" అన్నాడు. ధరలో పెద్ద తేడా లేదు. మొదటిదే తీసుకుందామని ఉంది, కానీ నాతో ఆడే వాళ్లలో సగం మంది వద్దంటున్నారు. మీరేమంటారు?

కోట_గోడ

ఆ 20 యార్డులు కొట్టింది మీరు కాదండీ, లాఫ్ట్. 28.5 డిగ్రీలంటే మీ పాత సెట్‌లో 5కీ 6కీ మధ్య ఎక్కడో ఉంటుంది. అడుగున 7 అని అచ్చేసి మీ చేతికిచ్చారు, మీరు మురిసిపోయారు. ఈసారి వెళ్లినప్పుడు మీ పాత 6 ఐరన్‌ను దాని పక్కన పెట్టి కొట్టండి, మిగిలే తేడా ఎంతో చూడండి. టైటిలిస్ట్ ఒక్క కంపెనీనే చూడండి, టీ100లో 7 ఐరన్ 34 డిగ్రీలు, టీ350లో 29. ఒకే కంపెనీ, ఒకే నంబరు, 5 డిగ్రీల తేడా. ఇక ఆ నంబరుకు విలువేముంది?

అసలు గొడవ షాపులో కొట్టించే మ్యాట్‌తో. మ్యాట్ మీద బంతికి అంగుళం వెనక దిగినా క్లబ్బు జారుకుంటూ ముందుకొచ్చి బంతిని బాగానే కొడుతుంది. స్క్రీన్ మీద నంబరు బాగానే వస్తుంది, మీరు మంచి షాట్ అనుకుంటారు. అదే దెబ్బ ఏప్రిల్‌లో గోల్కొండ ఫెయిర్‌వే మీద కొట్టి చూడండి. నేల రాయిలా ఉంటుంది, వెడల్పాటి సోల్ (తల అడుగు భాగం) దాని మీద ఎగిరి బంతి నడుముకు తగులుతుంది, బంతి నేలబారున పోతుంది. ఆగస్టులో కొడితే తల మట్టిలో దిగబడి బంతి 60 యార్డులు పోతే గొప్ప. ఏసీ గదిలో నిలబడి ఐరన్ కొనడం నాకెప్పుడూ అర్థం కాలేదు. గడ్డి మీద కొట్టనివ్వని షాపులో నేనైతే కొనను.

రిటైర్డ్_బ్యాంకర్

కోట_గోడ గారూ, మీ స్వింగ్‌లో ఇంకా జోరుంది కాబట్టి ఇలా మాట్లాడుతున్నారు. నాకు 68. పార్ 4లో (నాలుగు దెబ్బల హోల్) రెండో షాట్‌కు ఎప్పుడూ హైబ్రిడ్డే (దూరం కొట్టే క్లబ్బు) తీయాల్సి వచ్చేది. గ్రాఫైట్ షాఫ్ట్, ఇలాంటి లాఫ్టే ఉన్న సెట్ తీసుకున్నాక కొన్ని హోల్స్‌లో 7తో వెళ్తున్నాను. అడుగున 7 రాశారా 5 రాశారా అన్నది నాకెందుకు?

ఇంకో సంగతి. "మీ పాత 5 ఐరనే అది" అనడం తేలిక. నా పాత 5తో బంతి లేచేదే కాదు. ఇది లేస్తోంది. బరువంతా సోల్‌లోకి దించి, ముఖం పల్చగా చేశారు కాబట్టి. లాఫ్ట్ ఒకటే అయినంత మాత్రాన క్లబ్బు ఒకటే అయిపోదు. గోల్ఫ్ నియమాలు రాసే ఆర్ అండ్ ఏ వాళ్లు స్టీల్ షాఫ్టులను ఒప్పుకున్నదే 1929లో. అప్పుడు హికరీ కర్రలతో ఆడేవాళ్లు కూడా ఇలాగే మూతి ముడిచి ఉంటారు.

చిప్_డిజైనర్

ఇద్దరూ క్యారీ దగ్గరే ఆగిపోయారు. బంతి ఎంత దూరం వెళ్లిందన్నది సగం లెక్క. ఏ కోణంలో దిగిందన్నది మిగతా సగం. స్క్రీన్ మీద ల్యాండ్ యాంగిల్ అని ఒక కాలమ్ ఉంటుంది, షాపుల్లో దాన్ని ఎవరూ చూపించరు.

బంతి కొలతలు తీసే ట్రాక్‌మ్యాన్ కంపెనీ వాళ్లు చాలా కాలం చూపించిన పీజీఏ టూర్ (మగ ప్రొఫెషనల్స్) సగటుల ప్రకారం 7 ఐరన్ క్యారీ 172 యార్డులు, స్పిన్ (నిమిషానికి బంతి తిరిగే లెక్క) 7,000 చిల్లర, దిగే కోణం 50 డిగ్రీలు. అవన్నీ మనకు దూరం, వదిలేయండి. అదే లెక్కలో ఎల్‌పీజీఏ, అంటే ఆడవాళ్ల టూర్, సగటు చూడండి. క్యారీ 141. బోగీ గారు రెండో సెట్‌తో కొట్టినంతే. కానీ బంతి 47 డిగ్రీలతో దిగుతుంది, గ్రీన్ (జెండా ఉన్న నున్నటి గడ్డి) మీద ఆగుతుంది. 40 కంటే తక్కువలో దిగే బంతి మన గట్టి గ్రీన్ల మీద ఎక్కడ ఆగుతుందో చెప్పడం కష్టం. బ్యాంకర్ గారి బంతి నిజంగా ఎత్తుకు లేస్తుంటే ఆయన సెట్ ఆయనకు సరైనదే, లాఫ్ట్ ఎంతైనా సరే. లేవకపోతే ఆ దూరం గ్రీన్ దగ్గర పనికిరాదు.

బోగీ గారూ, మీకు మూడు ప్రశ్నలు. రెండు సెట్ల స్పిన్, దిగే కోణం ఎంత? ముందు వెనకల తేడా, అంటే అన్నిటికంటే పొట్టి షాట్‌కీ పొడుగు షాట్‌కీ మధ్య దూరం ఎంత? మొదటి సెట్‌లో పిచింగ్ వెడ్జ్ (సెట్‌లో అన్నిటికంటే తక్కువ దూరం కొట్టే క్లబ్బు) లాఫ్ట్ ఎంత?

నాలుగోది షాపు వాళ్లను అడగండి. మిషన్‌లో ఎత్తు ఎంత పెట్టారు? హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది, గాలి కాస్త పల్చన, బంతి ఇక్కడ సుమారు 2 శాతం ఎక్కువ పోతుంది. రెండు సెట్లనూ ఒకే సెట్టింగ్‌లో కొడితే పోలికకు ఇబ్బంది లేదు. కానీ ఆ నంబరు పట్టుకుని కోర్సులో క్లబ్బు ఎంచుకుంటే తేడా వస్తుంది.

బంజారా_బోగీ

ప్రింట్ తెప్పించుకున్నాను. మొదటి సెట్: స్పిన్ 4,600, దిగే కోణం 39, ముందు వెనకల తేడా 24 యార్డులు. రెండోది: స్పిన్ 6,100, కోణం 45, తేడా 13. మొదటి దాని పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు, రెండో దానిది 46. మిషన్‌ను సముద్రమట్టం సెట్టింగ్‌లోనే వదిలేశారట.

చిప్_డిజైనర్

43 తర్వాత మీ బ్యాగులో 56 డిగ్రీల వెడ్జ్ ఉంటే మధ్యలో 13 డిగ్రీల గొయ్యి. 90, 100 యార్డుల దగ్గర అర స్వింగులతో నానా తంటాలు పడతారు. దాన్ని పూడ్చడానికి 48 ఒకటి, 52 ఒకటి కొనాలి. షాపు చెప్పిన ధరలో ఆ రెండూ ఉన్నాయా? పైగా 14 క్లబ్బులే కదా మోసేది, వాటికి చోటివ్వాలంటే పైన ఏదో తీసేయాలి. ఇక 24 యార్డుల తేడా అంటే గ్రీన్ ముందు బంకర్‌కీ గ్రీన్ వెనక పొదలకీ ఒకే క్లబ్బు, ఒకే స్వింగ్.

రిటైర్డ్_బ్యాంకర్

లెక్క నేనూ వేయగలను బాబూ, బతుకంతా అదే పని. సగటు 158, తేడా 24. అంటే పొట్టిది ఏ 145 దగ్గరో పడుతుంది. రెండో సెట్ సగటే 141! మొదటి సెట్‌లో చెత్త షాట్ కూడా రెండో సెట్ సగటు షాట్ కంటే ముందుంది. 19 హ్యాండిక్యాప్ వాళ్లలో గ్రీన్ దాటించేవాళ్లను ఎంతమందిని చూశారు? నేనైతే ఆ పాపాన పోలేదు. మా తప్పులన్నీ పొట్టివే.

చిప్_డిజైనర్

పొట్టి తప్పుల సంగతి ఒప్పుకుంటాను, అది నిజమే. కానీ 150 దగ్గర రెండో సెట్‌తో 7 తీయమని ఎవరన్నారు? 6 తీస్తారు. పోల్చాల్సింది 7ని 7తో కాదు, 150 యార్డులు కొట్టే క్లబ్బును 150 యార్డులు కొట్టే క్లబ్బుతో. బోల్డర్ హిల్స్‌లో గ్రీన్ దాటి బండరాయికి కొట్టుకున్న బంతి ఎటు పోతుందో చూశాక కూడా పొడుగు తప్పును తేలిగ్గా తీసుకోవడం మీకే చెల్లింది సార్.

డల్లాస్_తమ్ముడు

వాదన బాగుంది గానీ, ఇంత ఆలోచన ఎందుకన్నా? ఇక్కడ షాపులో కొలతలు చూసుకోండి, అమెరికాలో చుట్టాలు ఎవరో ఉంటారు కదా, అక్కడ ఆర్డర్ పెట్టించండి. వచ్చేటప్పుడు గోల్ఫ్ బ్యాగ్ చెక్-ఇన్‌లో వేసుకొచ్చేస్తారు. మా ఇంట్లో అందరి సెట్లూ అలా వచ్చినవే.

సైనిక్‌పురి_స్వింగ్

మీ పద్ధతి నాకు నచ్చలేదు తమ్ముడూ, దాచుకోకుండా చెప్తున్నాను. ఒక మనిషి గంటన్నర నిలబడి ఒక్కో షాఫ్టూ మార్చి చూపిస్తే, కాగితం ఫొటో తీసుకుని డల్లాస్‌కు వాట్సాప్ చేస్తారా? అలా చేయాలనుకుంటే ముందే ఫిట్టింగ్ ఫీజు కడతానని చెప్పి కట్టండి. ఈ ఊళ్లో సరిగ్గా ఫిట్టింగ్ చేసేవాళ్లే తక్కువ, వాళ్లనూ పోగొట్టుకుంటే మనకే నష్టం.

అక్కడ కొనడంలో ఇంకో చిక్కు. లై యాంగిల్, అంటే షాఫ్ట్‌కీ నేలకీ మధ్య కోణం, సరిపోకపోతే ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన) తలను ఒకటి రెండు డిగ్రీలు వంచుకోవచ్చు, మెత్తని స్టీల్ కాబట్టి. గట్టి స్టెయిన్‌లెస్ స్టీల్‌తో పోత పోసిన తల అంత సులువుగా వంగదు, బోలు తలలతో మరీ జాగ్రత్త. కాబట్టి లై ఎంతో తేల్చుకుని ఆ కొలతతోనే ఆర్డర్ పెట్టాలి. లై పరీక్షకు మిషన్ కూడా అక్కర్లేదు. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి మీద నిలువుగా ఒక గీత గీయండి. గీత క్లబ్బు ముఖానికి ఎదురుగా, నిట్టనిలువుగా ఉండేలా బంతిని పెట్టి మామూలుగా కొట్టండి. గీత ముఖం మీద అచ్చు పడుతుంది. నిటారుగా పడితే సరిపోయినట్టు. పై కొస టో (తల చివర) వైపు వాలితే క్లబ్బు మీకు మరీ నిటారు, బంతి ఎడమకు లాగుతుంది. హీల్ (షాఫ్ట్ ఉన్న పక్క) వైపు వాలితే చదును ఎక్కువైంది, కుడికి పోతుంది. కుడిచేతి వాటం వాళ్ల లెక్క ఇది. సెకండ్ హ్యాండ్‌లో పింగ్ కంపెనీ ఐరన్లు కొనేవాళ్లు తల మీద రంగు చుక్క చూసుకోండి, నల్ల చుక్క అంటే స్టాండర్డ్ లై.

ఎవరూ ఎత్తని విషయం షాఫ్ట్. ఇక్కడ తల గురించే మాట్లాడుతున్నారు. ఆడవాళ్లు లోపలికి అడుగు పెట్టగానే అడక్కుండానే లేడీస్ ఫ్లెక్స్ (బాగా వంగే షాఫ్ట్) తెచ్చి పెడతారు. కాస్త భుజాలున్న మగవాడు కనబడితే స్టిఫ్ (తక్కువ వంగే) స్టీల్. స్వింగ్ చూసేదే లేదు. నా 7 ఐరన్ స్వింగ్ వేగం మా వారి కంటే ఎక్కువ, ఆయన స్టిఫ్, నేను లేడీస్! గొడవ పెట్టుకుని మార్పించుకున్నాను. బోగీ గారూ, మీరు కొట్టిన రెండు సెట్లలో షాఫ్ట్ బరువు ఒకటేనా? ఒకదాంట్లో 65 గ్రాముల గ్రాఫైట్, ఇంకోదాంట్లో 120 గ్రాముల స్టీల్ ఉంటే మీరు పోల్చింది తలల్ని కాదు.

ఎడమచేతి_వాటం

రెండు సెట్లలో ఏది అని బాధపడుతున్నారా? మాకు డెమో క్లబ్ ఒక్కటి కూడా ఉండదు. కేటలాగ్ చూసి కొనుక్కోవడమే.

బంజారా_బోగీ

సైనిక్‌పురి గారు సరిగ్గా పట్టుకున్నారు. మొదటి దాంట్లో గ్రాఫైట్, రెండో దాంట్లో 120 గ్రాముల స్టీలే. అడిగితే రెండో తలకు 95 గ్రాముల స్టీల్ వేసి ఇచ్చారు. బతిమాలితే రెండు డెమో 7 ఐరన్లనూ గడ్డి మీదికి తీసుకెళ్లనిచ్చారు. ఎప్పుడూ ఆడే బంతులతోనే, పొద్దున్నే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు కొట్టాను. రెండో సెట్ తేలిక షాఫ్ట్‌తో ఐదారు యార్డులు పెరిగింది, బంతి ఎత్తు తగ్గలేదు.

మొదటి సెట్‌ను తీసిపారేయలేను. గడ్డి మీద కూడా పోతోంది. మధ్యలో తగలని బంతి కూడా పోతోంది. రెండో దాంతో టో దగ్గర తగిలితే చేతులు జిల్లుమంటున్నాయి. నా బ్యాగు మోసే క్యాడీని అడిగాను. అతను ఏ కంపెనీ అని కూడా చూడలేదు, డివాట్లు (క్లబ్బు నేలలో చేసిన గుంటలు) చూసి "ఇది తవ్వుతోంది సార్, అది గీస్తోంది" అన్నాడు. తవ్వేది రెండోది.

కోట_గోడ

మీ క్యాడీ చెప్పింది ఏ మిషనూ చెప్పదు. తవ్వేవాడికి సోల్ కాస్త వెడల్పుగా, బౌన్స్ (నేలలో దిగబడకుండా ఆపే సోల్ వాలు) ఉన్నదే మేలు. ఇందాక వెడల్పు సోల్‌ను తిట్టింది వేసవి నేల గురించి. ఇలా బంతి వెనకాల లోతుగా దిగేవాళ్లకు వానాకాలంలో అదే దిక్కు. ఈ ఒక్క విషయంలో మొదటి సెట్‌కు నా ఓటు. మిగతా విషయాల్లో కాదు.

చిప్_డిజైనర్

అయితే రెండూ కొనండి. నవ్వులాటకు కాదు. పొడుగు క్లబ్బులు మొదటి సెట్‌లోవి, 7 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా రెండో సెట్‌లోవి. ఒక్కటి గుర్తుంచుకోండి, మొదటి సెట్ 6ను రెండో సెట్ 7 పక్కన పెడితే 25 డిగ్రీల తర్వాత ఏకంగా 33, మధ్యలో ఖాళీ. కాబట్టి మొదటి సెట్ 7నే మీ 6గా వాడండి, దాని 6ను 5గా. అప్పుడు 25, 28.5, 33 అని మెట్లు కుదురుతాయి. దిగువన 46 ఉంది కాబట్టి 51, 56తో సరిపోతుంది.

రిటైర్డ్_బ్యాంకర్

బ్యాగులో రెండు 7 ఐరన్లా! నంబరుకు విలువ లేదని నేను మొదటే చెప్పాను, ఇప్పుడు అందరూ అక్కడికే వచ్చారు. 39 డిగ్రీల కోణం అని భయపెట్టారుగా, 28.5ను 6 అని పిలిస్తే ఆ కోణం పెరుగుతుందా?

చిప్_డిజైనర్

పెరగదు. కానీ 160 దగ్గర్నుంచి గ్రీన్ ముందు భాగంలో వేసి దొర్లించే షాట్‌కు అది చాలు. 140 నుంచి జెండా దగ్గర ఆపాలంటే చాలదు. అక్కడ వేరే క్లబ్బు ఉంటుంది కదా.

బంజారా_బోగీ

షాపులో అడిగాను. విడిగా ఒక్క క్లబ్బు ఇవ్వరట. 6, 7 జతగా అయితే కంపెనీకి ఆర్డర్ పెడతామన్నారు, నెలకు పైగా పట్టొచ్చట. ఆలోగా పాత సెట్‌కు గ్రిప్పులు మార్చుకుని ఆడుకుంటాను. తమ్ముడూ, మీ డల్లాస్ సలహా ఈసారికి పక్కన పెడుతున్నాను, వాళ్లు డెమోలు ఇంటికిచ్చారు.

సైనిక్‌పురి_స్వింగ్

మంచిపని. రెండు రకాల తలలకూ ఆ 95 గ్రాముల షాఫ్టే వేయమని చెప్పండి, లేకపోతే మొదటి సెట్‌వి దాని మామూలు గ్రాఫైట్‌తోనే వస్తాయి. మార్కర్ పరీక్ష రెండింటికీ విడివిడిగా చేయండి, స్టాండర్డ్ లై అన్ని సెట్లకూ ఒకేలా ఉండదు. ఇవన్నీ ఆర్డర్ ఫారం మీద రాయించండి, నోటిమాటగా వదిలేయకండి.