సమస్యాపూరణం: "పట్టు విడిచినపుడె పైకి నెక్కె"

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఇది.

*పట్టు విడిచినపుడె పైకి నెక్కె*

ఆటవెలది నాలుగో పాదం. పట్టు – విడిచి – నపుడె – పైకి – నెక్కె, ఐదూ సూర్యగణాలే. ప – పై యతి. 'పైకి నెక్కె'లో నకారం ఎక్కడిదని సందేహం రావచ్చు. షష్ఠి 'కిన్' ద్రుతాంతం, అచ్చు పరమైనప్పుడు ఆ నకారమే నిలిచింది.

వస్తువు: సెలవులకు వెళ్లినవాళ్లు సరదాపడి ఎక్కే గోడ, చెట్లకో స్తంభాలకో ఎత్తున కట్టిన తీగబాట. పట్టు వదిలితే కింద పడాలి గాని పైకెక్కడమేమిటన్నదే చిక్కు. దాన్ని ఎలా విప్పినా సరే, పని మాత్రం తప్పుగా చెప్పకూడదు. పద్యం చదివి అచ్చం అలాగే చేసినవాడు క్షేమంగా నేలకు దిగాలి. ఛందస్సు తప్పితే దిద్దుకుందాం, ఇది తప్పితే పూరణను పక్కన పెడతాను.

గిరిపథిక:

చేయి మడిచి వ్రేలఁ జేవ యిగిరిపోవుఁ
గాలి కొనలు నిలుపఁ గలుగు బలము;
చాఁచి కరము నతఁడు సడలించి పిడికిలి
పట్టు విడిచినపుడె పైకి నెక్కె.

నిర్వాహకుడు:
గిరిపథిక గారూ, తొలి పూరణే ప్రశస్తంగా ఉంది. 'ఇగిరిపోవు' సరైన మాట. పిడికిలి బిగిసి ఉన్నంతసేపూ ముంజేతి కండరాలు తమ రక్తనాళాలను తామే నొక్కుకుంటాయి. కొత్త రక్తం అందక కాసేపటికే ముంజేయి కొయ్యబారుతుంది. మోచేయి మడిచి వేలాడితే పైచేతి కండ కూడా ఊరికే పనిచేస్తుంది. చేయి తిన్నగా ఉంటే బరువు ఎముకల మీదికి పోతుంది.

'కరము' అని ఏకవచనం వేయడం మరీ నచ్చింది. ఒక చేయి కిందికి చాచి విదిలిస్తున్నప్పుడు రెండోది గోడకు బిగించిన పిడిమీదే ఉండాలి, కాళ్లు రెండూ కుదురుగా ఉండాలి. 'కాలి కొనలు' అన్నదానికి ఒక చేర్పు. కొత్తవాళ్లు పాదం మధ్యభాగాన్ని పిడిమీద పెడతారు. అప్పుడు మడమ తిరగదు, తుంటి గోడకు దూరమైపోతుంది, ఆ దూరమంతా చేతులకు బరువవుతుంది. బొటనవేలి లోపలి అంచు పెట్టి, మడమ కొంచెం దించి, పాదం కుదిరేదాకా చూపు దానిమీదే ఉంచాలి. పాదం పూర్తిగా ఆనకముందే చూపు పైపిడి మీదికి పోవడంవల్లనే ఎక్కువసార్లు కాలు జారుతుంది.

నూలుపోగు:
'పట్టు' శబ్దాన్ని మరో అర్థంలో తీసుకున్నాను. దోషాలుంటే తెలుపగలరు.

నడుము పట్టి జాఱు నాజూకు గుడ్డపైఁ
గొంగు తగులుకొనును గొక్కెమందు
నూలు లాగు తొడిగి నున్నని మేల్జాతి
పట్టు విడిచినపుడె పైకి నెక్కె.

నిర్వాహకుడు:
నూలుపోగు గారూ, పట్టుబట్టను విడిపించి సమస్యను విప్పారు. శ్లేష చక్కగా అమరింది. రెండో పాదం అక్షరాలా నిజం. వేలాడే కొంగు, విప్పిన జుట్టు, మెడలో గొలుసు, తాడు నడిచే ఏ పరికరంలోనైనా ఇరుక్కోగలవు. ఉంగరాలు కూడా తీసేయాలి. పిడికో బోల్టుకో ఉంగరం తగులుకొని ఒంటి బరువు దానిమీద పడితే వేలి చర్మం ఊడి వచ్చేస్తుంది.

గిరిపథిక:
మొదటి పాదం మీద చిన్న అభ్యంతరం. హార్నెస్ (తాడుకు కట్టుకునేందుకు ఒంటికి వేసుకునే పట్టీల కట్టు) నడుముపట్టి జారేది గుడ్డ నునుపువల్ల కాదు. తుంటి ఎముకల మీద కట్టడంవల్ల, లేదా లోపల బట్ట మడతలు పడి ఉండగా బిగించడంవల్ల. నాలుగడుగులు వేసేసరికి మడతలు సర్దుకుంటాయి, పట్టి వదులవుతుంది. తుంటి ఎముకలకు పైన, నడుము సన్నగా ఉన్నచోట కట్టాలి. పట్టికీ ఒంటికీ మధ్య చాచిన అరచేయి దూరాలి, పిడికిలి దూరకూడదు. కట్టాక రెండు చేతులతో కిందికి లాగి చూడాలి. తుంటి దాటి దిగిందంటే, తలకిందులైనప్పుడు మనిషి అందులోంచి జారిపోగలడు. నడుము ఇంకా ఏర్పడని చిన్నపిల్లలకు భుజాలనుంచి కట్టే పూర్తి హార్నెస్ వేసేది ఇందుకే.

నూలుపోగు:
ధన్యవాదాలు గిరిపథిక గారూ. సవరించిన మొదటి పాదం:

నడుము పట్టి వదులు నలిగిన మడతపైఁ

నిర్వాహకుడు:
ఇప్పుడు పద్యం నిలిచింది.

శిలాక్షర:

మొండితనముతోడ ముంజేయి వాచంగఁ
బిడిని నొక్కి నొక్కి పిప్పి యయ్యె;
త్రాట వ్రేలి సేద తాఁ దీర్చుకొని, వట్టి
పట్టు విడిచినపుడె పైకి నెక్కె.

నిర్వాహకుడు:
శిలాక్షర గారూ, పట్టుదలను పట్టుగా తీసుకున్నారు. 'పిప్పి యయ్యె' సహజంగా పడింది. కింద ఉన్నవారికి కేక వేసి చెప్పి, తాడు బిగిశాక కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి కూర్చోవాలి. పాదాలు భుజాలంత ఎడంగా గోడకు ఆనించి, చేతులు వేలాడేస్తే ఒకటి రెండు నిమిషాల్లో పట్టు తిరిగి వస్తుంది.

తీగబాట:
ఈ పద్యానికి ఒక హద్దు చెప్పడం అవసరం. ఆటో బిలే, అంటే మనిషికి బదులు ఎక్కేవారిని కాసే యంత్రం, కట్టిన గోడమీద ఇది చెల్లదు. పైన బిగించిన ఆ పెట్టె, ఎక్కుతున్నకొద్దీ పట్టీని లోపలికి చుట్టుకుంటుంది. బరువు పడగానే నెమ్మదిగా నేలకు దించేస్తుంది. కొన్నిటిలో ఆ నెమ్మదిదనం అయస్కాంతాల మధ్య తిరిగే లోహపు బిళ్లలో పుట్టే సుడి విద్యుత్తువల్ల వస్తుంది. మామూలు రకాల్లో మధ్యలో ఆగి సేదతీరడం కుదరదు.

మరి రెండు జాగ్రత్తలు. పట్టీకి దూరంగా పక్కకు ఎక్కకూడదు, పడితే లోలకంలా ఊగి గోడ అంచుకు కొట్టుకుంటారు. రెండోది, అసలు తగిలించుకోకుండానే ఎక్కేయడం. ఆటో బిలే గోడల దగ్గర జరిగే పెద్ద ప్రమాదాలకు ముఖ్య కారణం యంత్రం చెడటం కాదు, ఈ మరపే. గోడ మొదట్లో అడ్డంగా ముక్కోణపు గుడ్డ కట్టేది అందుకే. పట్టీ చివరి కారబైనర్ (నోరు మూసుకునే లోహపు కొక్కెం) దానినుంచి తీసి నడుముకు తగిలిస్తే గాని దారి రాదు. వేగపు పోటీల్లో 15 మీటర్ల గోడ ఎక్కేవారికీ ఇదే యంత్రం రక్ష, ఆ గోడ 5 డిగ్రీలు ముందుకు వాలి ఉంటుంది.

శిలాక్షర:
'త్రాట' అన్నాను గనుక మనిషి పట్టిన తాడే నా ఉద్దేశం. అయినా మీరు చెప్పినది పద్యం కింద ఉండవలసిందే.

చిత్రపద:

తాళ్ల నొడిసి పట్టి తమ్ముఁడు క్రిందుండ
నన్న గోడ నంటి యల్లలాడె;
బిగిసి లాగు త్రాడు పీడించు, తమ్ముఁడు
పట్టు విడిచినపుడె పైకి నెక్కె.

నిర్వాహకుడు:
చిత్రపద గారూ, గణాలు సరిగా ఉన్నాయి, యతులు కుదిరాయి, నడక చక్కగా ఉంది. అయినా ఈ పూరణను అంగీకరించలేను. కింద బిలే పట్టినవాడు, అంటే ఎక్కేవాడి తాడును కాసేవాడు, పట్టు విడవడమన్నది ఏ సందర్భంలోనూ ఉండదు. తాడు మరీ బిగుతుగా ఉండి ఎక్కేవాడిని ఇబ్బంది పెడుతుందన్నది నిజమే. దానికి మందు పట్టు విడవడం కాదు, వదులు ఇవ్వడం. వదులు ఇస్తున్నప్పుడు కూడా కిందిచేయి తాడు చుట్టూ మూసే ఉంటుంది.

తాడు తీసుకునేటప్పుడూ అంతే, దాని క్రమం ఇది. ఎక్కేవాడి వైపు తాడును ఒక చేత్తో కిందికి, నడుముకు తగిలించిన బిలే పరికరం దాటిన తాడును రెండో చేత్తో పైకి లాగాలి. వెంటనే ఆ రెండో చేతిని తుంటి కిందికి దించాలి, అప్పుడే తాడు పరికరంలో మడతపడి ఆగుతుంది. మొదటి చేతిని తెచ్చి దానికింద తాడు పట్టాలి. అప్పుడే పైచేతిని పరికరం దగ్గరికి జరపాలి. ఈ నాలుగింటిలో ఏ క్షణంలోనూ ఆపేవైపు తాడు చేయిలేకుండా ఉండదు. చేయి పైకెత్తి ఉన్నప్పుడు ఎక్కేవాడు పడితే, తాడు పరికరంలోంచి తిన్నగా జారి అరచేయి కాలిపోతుంది. తర్వాత ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

చిత్రపద:
క్షమించండి గురువుగారూ. మూడో పాదం ఎలా మార్చాలో సూచించగలరా?

నిర్వాహకుడు:
పట్టు విడిచేవాడు అన్నే అయితే సరిపోతుంది. కొత్తగా ఎక్కేవారు భయంతో ముఖం ముందున్న తాడును ఒక చేత్తో పట్టుకుంటారు. ఆ చేయి గోడకు పనికిరాదు. పైగా కిందివాడు తాడు లాగుతుంటే వేళ్లు ముడి దగ్గర నలుగుతాయి. అందుకని:

నెదుటి త్రాటిపైన నెడమచే వేసిన
పట్టు విడిచినపుడె పైకి నెక్కె.

గిరిపథిక:
సవరణ పద్యాన్నీ అన్ననీ నిలబెట్టింది. ఎక్కేముందు అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకోవలసినవి కూడా చెబుతాను. ఎనిమిది అంకె ముడి, నడుముపట్టిలోంచీ కాళ్లపట్టీలను కలిపే ఉచ్చులోంచీ రెండింటిలోనూ పోయిందా? ముడి దాటిన తోక తాడు మందానికి కనీసం పది రెట్లుందా? అంటే 10 మిల్లీమీటర్ల తాడుకు 10 సెంటీమీటర్లు. బకిల్ తోక వెనక్కి మడిచి దూర్చారా? కిందివాడి కారబైనర్ మర తిప్పి మూశారా? అన్న మరీ బరువైతే తమ్ముడు గాలిలోకి లేస్తాడు, అప్పుడు తమ్ముణ్ని నేలలోని కొక్కేనికి కట్టాలి.

కొత్తచిగురు:
ఇది నా మొదటి ప్రయత్నం. తీగబాటలో ఊయల తాడు పట్టుకొని ఊగి వల చేరడం మీద.

ఊఁగు త్రాడు మోసి యెదుటి వలకుఁ జేర్పఁ
గన్నులందు వ్రేళ్లు కాళ్లుఁ జొనిపి
వెనుక కీడ్వక మును వేగఁ దా నూయల
పట్టు విడిచినపుడె పైకి నెక్కె.

నిర్వాహకుడు:
కొత్తచిగురు గారూ, స్వాగతం. భావం నిర్దుష్టం. మొదటి పాదంలో యతి తప్పింది: ఊ – యె కుదరవు. 'యెదుటి' తీసి 'యుఱికి' అనండి. ఊ – యు సరిపోతాయి, తాడు వేగమూ వస్తుంది. వెనుక – కీడ్వ – కమును అని గణాలు మాటను విరిచినా అర్థం చెడలేదు.

తీగబాట:
మూడో పాదమే ఇందులో ప్రాణం. వలను తాకిన క్షణంలో శరీరం ఒక్క మారు ఆగుతుంది, ఆ తర్వాత తాడు వెనక్కి గుంజుతుంది. చేతులు ముందుకు చాచి, తాకగానే వల కన్నుల్లోకి మణికట్టుదాకా దూర్చాలి. తటపటాయిస్తే తాడు వెనక్కి తీసుకుపోయి, ఊగి ఊగి చివరికి నడిమధ్యలో నిలబెట్టేస్తుంది, అక్కడినుంచి సిబ్బంది తాడు విసిరి లాగాలి. అలా వేలాడుతున్నంతసేపూ కాళ్లు కదుపుతూ ఉండాలి, కదలకుండా హార్నెస్‌లో వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి. ఇక పట్టు విడవడమంటే ఇక్కడ చేతిపట్టు మాత్రమే. ఊయలకు కట్టిన రక్షణ కొక్కెం, వలమీది రక్షణ తీగకు రెండో కొక్కెం తగిలించాకే విప్పాలి. మోకాళ్లు కప్పే లాగు వేసుకోండి, వల తాడు పిక్కలను గీరేస్తుంది.

కొత్తచిగురు:
ధన్యవాదాలు గురువుగారూ, తీగబాట గారూ. 'ఊఁగు త్రాడు మోసి యుఱికి వలకుఁ జేర్పఁ' అని దిద్దుకున్నాను.

తీగబాట:
ఆ రెండు కొక్కేల మీదే నా పూరణ.

రెండు కొక్కెములకు నొండొంటితోఁ బొత్తు
తీగ నొకటి కఱవఁ దెఱచు నొకటి
ముందు తీగ నొకటి మును వేసి, వెనుకటి
పట్టు విడిచినపుడె పైకి నెక్కె.

నిర్వాహకుడు:
తీగబాట గారూ, రెండు – నొండొంటి ప్రాసయతి హాయిగా ఉంది. కారబైనర్ తీగను 'కఱవడం' అచ్చతెలుగు చూపు. 'తెఱచు' సకర్మకం, 'నోరు' అధ్యాహారంగా తీసుకుంటే దోషం లేదు. ఒక్క ప్రశ్న: తీగబాటలో ముందు తీగకు మారడం అడ్డంగా సాగే పని గదా, 'పైకి నెక్కె' ఎలా పొసగుతుంది?

తీగబాట:
ఒక వేదికనుంచి పై వేదికకు నిచ్చెన ఉన్నచోట పొసగుతుంది. నిలువు రక్షణ తీగ కొన్నిచోట్ల ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్క చివరా ఆగి, ఒక కొక్కెం పై ముక్కకు మార్చి, తర్వాతే రెండోది తీయాలి. మొదటి పాదంలోని 'పొత్తు' కొత్తరకం జంట కారబైనర్లది. రెండింటినీ లోపల ఒక సన్నని తీగ కలుపుతుంది, ఒకటి తీగమీద మూసుకుంటే గాని రెండోది తెరుచుకోదు. పొత్తులేని పాతరకంలో ఆ కాపలా మనిషిదే. రెండూ ఒకేసారి విప్పిన క్షణంలో ఎత్తున ఏ ఆధారమూ లేకుండా నిలబడినట్టే. పాతరకంలో రెండిటి నోళ్లూ ఎదురెదురు దిక్కులకు ఉండేలా తగిలించాలి, ఒకే రాపిడికి రెండూ తెరుచుకోకుండా.

కారబైనర్ వీపుమీద చెక్కిన అంకెలు కూడా చూడండి. యూరోపు ప్రమాణం ప్రకారం మామూలు రకం పొడవునా కనీసం 20 కిలోన్యూటన్లు తట్టుకోవాలి, అంటే సుమారు రెండు టన్నుల బరువు. నోరు తెరిచి ఉంటే, లేదా బరువు అడ్డంగా పడితే, కావలసింది 7 మాత్రమే. నోరు పూర్తిగా మూసుకుందో లేదో వేలితో నొక్కి చూడమనేది ఈ తేడావల్లే.

కొత్తచిగురు:
పొట్టివారికి పై తీగ అందకపోతే?

తీగబాట:
ఎగిరి తగిలించకూడదు, తగిలినట్టు కనిపించి నోరు సగమే మూసుకుంటుంది. వేదికమీద స్తంభానికి దగ్గరగా జరిగితే తీగ కట్టినచోట కాస్త అందుతుంది. అప్పటికీ అందకపోతే ఆ బాట వారి కొలతకు కట్టింది కాదు. కాలుజారి వేలాడినప్పుడు పట్టుకొని తిరిగి లేవడానికీ ఆ తీగే అందాలి. చేయెత్తితే వేళ్లు ఎంతవరకు చేరతాయో కొలిచే గుర్తు మొదటి మెట్టు దగ్గర ఉంటే, బూట్లతో నిలబడి మడమలు ఎత్తకుండా చూసుకోండి.