ఆటోనగర్ పంపు మేస్త్రి ఇప్పుడు స్కానరు పట్టాలా, పాత పనిలోనే ఉండాలా?

పటమట_పంపు
విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో డీజిల్ పంపు పనిలో పాతికేళ్లు నలిగిన మేస్త్రిలకు "స్కానరు నేర్చుకో, లేదంటే నీ దారి నువ్వు చూసుకో" అని షెడ్డు ఓనర్లు తెగేసి చెప్పేస్తున్నారు. స్కానరంటే ఇంజన్ కంప్యూటరులో పడిన తప్పుల కోడ్లు చదివే పరికరం. ఒకప్పుడు ఫలానా మేస్త్రి చెయ్యే పడాలని లారీ ఓనర్లు రెండ్రోజులైనా బండి ఆపుకుని కూర్చునేవాళ్లు. ఇప్పుడు అదే మేస్త్రి, ల్యాప్‌టాప్ చూసి ఇరవై రెండేళ్ల కుర్రాడు చూపించిన చోట బోల్టులు విప్పుతున్నాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మేవన్నీ బీఎస్-6 (కొత్త పొగ నిబంధన) లారీలే, వాటిలో డీజిల్ కొలిచేది కంప్యూటరే కాబట్టి పాత పని ఏటికేడు తగ్గేదే తప్ప పెరిగేది కాదు. యాభైకి దగ్గరపడ్డ మనిషి ఎటు పోవాలి? పని తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి.

బెంచి_మేస్త్రి
పాత పనిలోనే ఉండాలి. పని లేదన్న మాట సగమే నిజం. ట్రాక్టర్ల పొగ మీద ట్రెమ్-4 నిబంధన 2023 జనవరిలో వచ్చింది, అదీ 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకే. దివిసీమ నుంచి తెనాలి దాకా దమ్ము చేసే ట్రాక్టర్లలో ఎక్కువ భాగం 50 లోపువే, వాటిలో ఉండేది మెకానికల్ పంపే. బీఎస్-4 లారీల్లో కూడా ఇన్‌లైన్ (పాత తరహా మెకానికల్) పంపుతో వచ్చినవి ఉన్నాయి. అవన్నీ ఇంకా రోడ్డు మీదే తిరుగుతున్నాయి.

ఈ పనిని చులకన చేసేవాళ్లు ఒక్కసారి పంపును పరీక్షించే బెంచి దగ్గర నిలబడి చూడండి. ఆరు ప్లంజర్ల పంపు కట్టి తిప్పితే ఆరు గాజు గొట్టాల్లోనూ డీజిల్ ఒకే మట్టానికి రావాలి. మూడో గొట్టం తగ్గితే డెలివరీ వాల్వు కూర్చోలేదా, ప్లంజర్ అరిగిందా, కంట్రోల్ స్లీవు జారిందా అన్నది కంటితోనూ వేలితోనూ తేల్చాలి. నాజిల్‌ను చేతిపంపు మీద కొడితే మోడల్‌ను బట్టి 200 నుంచి 250 బార్ మధ్య తెరుచుకోవాలి, కూత రావాలి, మూతి దగ్గర చుక్క జారకూడదు. చుక్క జారిన నాజిల్ నెలలు తిరక్కుండా పిస్టన్ తలను తినేస్తుంది. ఇవి ఏ తెర మీదా కనపడవు.

కానూరు_ఈసీయూ
బెంచి పని గొప్పదే, కాదన్నది ఎవరు? అడిగింది భుక్తి గురించి. ట్రాక్టరు పంపు బెంచి ఎక్కేది ఏ మూడు నాలుగేళ్లకో ఒకసారి, అదీ దమ్ములకు ముందు. మిగతా నెలలు షెడ్డు అద్దె ఎవరు కడతారు?

బీఎస్-6 లారీ షెడ్డుకొచ్చే కారణాలే వేరు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగి పవర్ తగ్గిపోతుంది. పొగను శుభ్రం చేయడానికి పోసే యూరియా ద్రావణం నాణ్యత తేడాగా ఉందని ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) అనుకుంటే ముందు టార్కు నాలుగో వంతు కోస్తుంది. అప్పటికీ సరిచేయకపోతే బండిని గంటకు 20 కిలోమీటర్లకు కట్టేస్తుంది. అలా కట్టేసిన బండిని స్పానరుతో విడిపించలేరు. కామన్ రెయిల్ (అన్ని సిలిండర్లకూ ఒకే అధిక పీడన గొట్టం నుంచి డీజిల్ అందే పద్ధతి) ఇంజెక్టరు మారిస్తే దాని మీదున్న కోడును ఈసీయూలో రాయాలి. అది స్కానరు లేకుండా జరగదు.

బెంచి_మేస్త్రి
కోడు రాయకపోయినా బండి స్టార్టవుతుంది. నడుస్తుంది కూడా.

కానూరు_ఈసీయూ
స్టార్టవడం పని పూర్తవడం కాదు అన్నా. ఫ్యాక్టరీలో ప్రతి ఇంజెక్టరూ ఎంత డీజిల్ వదులుతుందో కొలిచి, ఆ తేడానే కోడుగా కొడతారు. పాత కోడే ఉంచేస్తే ఈసీయూ పాత ఇంజెక్టరు లెక్కతో కొత్తదాన్ని తెరుస్తుంది. ఐడిల్‌లో వణుకు, ఒక సిలిండరులో డీజిల్ ఎక్కువ, మసి, ఆ మసంతా పోయి డీపీఎఫ్‌లో (పొగ దారిలో మసి పట్టే ఫిల్టరులో) కూర్చోవడం, చివరికి మళ్లీ మన షెడ్డుకే రావడం.

బెంచి_మేస్త్రి
నడుస్తుందా లేదా? నడుస్తుంది. నేనన్నది అదే.

గొల్లపూడి_లారీలు
డబ్బు కట్టేవాడిగా ఒక మాట. రెయిల్ ప్రెషర్ కోడు పడిందని స్కానరు చెబితే హై ప్రెషర్ పంపు మార్చమనే షెడ్లే ఎక్కువ. తీరా చూస్తే ఫిల్టరు ముందు పైపులో గాలి లాగుతుంటుంది. అది పట్టేది పాత మేస్త్రే.

కానూరు_ఈసీయూ
ఒప్పుకుంటాను. కోడు చెప్పేది రోగం ఎక్కడ కనపడిందో. ఎక్కడ పుట్టిందో చెప్పదు. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు కొలిచే నాక్స్ సెన్సర్ కోడే తీసుకోండి. సెన్సర్ ఖరీదైనది, మార్చేస్తారు, వారంలో అదే కోడు మళ్లీ పడుతుంది. చూడాల్సిన వరుస వేరే ఉంది. ముందు ట్యాంకులో యూరియా ద్రావణాన్ని రిఫ్రాక్టోమీటరు మీద ఒక చుక్క వేసి చూడాలి. 32.5 శాతం రావాలి, 31.8 నుంచి 33.2 దాకా ఫర్వాలేదు. తగ్గిందంటే ఎవరో నీళ్లు కలిపారు. తర్వాత సెన్సరుకు ముందు సైలెన్సరు జాయింట్లలో లీకుందేమో చూడాలి. ఆ తర్వాత యూరియా చిమ్మే డోసింగ్ నాజిల్ విప్పాలి. మూతి మీద తెల్లగా, ఉప్పు గడ్డలా పేరుకుని ఉంటుంది. దాన్ని గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడితే కరిగిపోతుంది. సూదితో పొడిచినవాళ్లు కొత్త నాజిల్ కొనుక్కోవాల్సిందే.

ఆ గడ్డ కట్టడానికి సగం కారణం డ్రైవర్ల అలవాటు. తాళం తిప్పాక యూరియా పంపు ఒకటి రెండు నిమిషాలు తిరిగి, పైపులో మిగిలినదాన్ని ట్యాంకులోకి వెనక్కి లాగేసుకుంటుంది. తాళంతో పాటే బ్యాటరీ కటాఫ్ కూడా కొట్టేస్తే ఆ ద్రావణం పైపులోనే ఎండిపోతుంది.

గొల్లపూడి_లారీలు
ఈ కటాఫ్ సంగతి బండి డెలివరీ రోజు ఎవరూ చెప్పలేదు. మా డ్రైవర్లందరికీ ఇవాళే చెబుతాను.

ఏటుకూరు_రోడ్డు
గుంటూరు నుంచి. మిర్చి కోల్డ్ స్టోరేజీల జనరేటర్లు పాత పంపు మేస్త్రిలకు ఇన్నాళ్లూ ఆసరా. కానీ 2023 జులై 1 నుంచి కొత్త జనరేటర్లకు సీపీసీబీ-4 ప్లస్ పొగ నిబంధన వచ్చింది. పెద్ద సెట్లలో కామన్ రెయిల్, వైరింగు, ఈసీయూ అన్నీ వచ్చేశాయి. పాత సెట్లు ఉన్నన్నాళ్లే ఆ ఆసరా. అందుకని ట్రాక్టర్ల మీద ఒక్కదాని మీదే లెక్క వేసుకోవద్దు. 2023లో 50 హెచ్‌పీ దగ్గర గీత గీశారు, ఆ గీత కిందికి దిగదని ఎవరు హామీ ఇస్తారు?

విజయ_టూల్స్
పీఎం విశ్వకర్మలో 5 శాతం వడ్డీకి 3 లక్షలు ఇస్తారుగా, అప్లై చేసుకోమనండి.

ఏటుకూరు_రోడ్డు
ఆ పథకంలో ఉన్నవి 18 వృత్తులు. కమ్మరి, వడ్రంగి, తాళాలు చేసేవాళ్లు ఉన్నారు, మోటారు మెకానిక్ లేడు. మేస్త్రి సొంతంగా కొనాలంటే ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ చేయించుకుని ముద్ర లోనుకు వెళ్లాలి. రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, ఏజెంట్లకు ఇవ్వొద్దు. 50 వేల దాకా శిశు, అది దాటి 5 లక్షల దాకా కిశోర్.

స్కానరు కొనేముందు ఒకటి గమనించండి. వేలల్లో దొరికేవి కోడు చదివి చెరిపేస్తాయి, అంతే. ఇంజెక్టరు కోడు రాయడం, బండి నిలబెట్టి రీజెన్ (డీపీఎఫ్‌లో మసి కాల్చడం) చేయించడం, యూరియా పంపు టెస్టు నడపడం చేసేవి లక్షల్లోకి వెళతాయి, పైగా ఏటా అప్‌డేటుకు కట్టాలి. మొదటి రకం కొని రెండో రకం పని ఒప్పుకున్నవాళ్లు పరువూ డబ్బూ రెండూ పోగొట్టుకున్నారు.

బెంచి_మేస్త్రి
చూశారా, సంవత్సరానికోసారి కప్పం. నా బెంచికి ఎవరికీ ఏటా కట్టక్కర్లేదు. కంపెనీవాళ్లు ఇంజన్‌కు తాళం వేసి, తాళంచెవి అద్దెకిస్తున్నారు. కార్ల కంపెనీలు స్పేర్ పార్టులూ డయాగ్నోస్టిక్ టూళ్లూ బయటి మెకానిక్కులకు దక్కనీయట్లేదని 2014లో కాంపిటీషన్ కమిషనే 14 కంపెనీల మీద ఆర్డరు వేసింది. తప్పు తాళం వేసినవాడిదా, చెవి లేనివాడిదా?

కానూరు_ఈసీయూ
తప్పు ఎవరిదని కమిషన్ తేల్చినా, రేపు పొద్దున షెడ్డు ముందు ఆగే లారీ బీఎస్-6దే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద మోసే టిప్పర్లు చూడండి. దగ్గర ట్రిప్పులు, లోడింగు దగ్గర గంటల తరబడి ఐడిల్. డీపీఎఫ్‌లో మసి కాలాలంటే 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. ఆ వేడి అందుకునేలోపే డ్రైవరు బండి ఆపేస్తాడు. రీజెన్ సగంలో ఆగీ ఆగీ, కొన్ని ఇంజన్లలో మిగిలిన డీజిల్ ఇంజన్ ఆయిల్ సంపులోకి దిగి ఆయిల్ మట్టం పెరుగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగిందంటే సంతోషించకూడదు, వాసన చూడాలి. ఇక ఓనరు పొదుపని పాత గ్రేడు ఆయిల్ పోయిస్తే దాని బూడిద డీపీఎఫ్‌లో చేరుతుంది. మసైతే కాలుతుంది, బూడిద కాలదు, విప్పి శుభ్రం చేయించాల్సిందే. సీకే-4 లాంటి తక్కువ బూడిద ఆయిల్, కంపెనీ పుస్తకంలో ఏది రాస్తే అదే పోయాలి. ఇదంతా మేస్త్రి బుర్రకు తెలియని విద్య కాదు. నేర్చుకోను అని భీష్మించుకోవడమే అడ్డు.

నున్న_రోడ్డు
డీపీఎఫ్ పీకేసి, అది ఉన్నట్టే ఈసీయూను నమ్మించే ఎమ్యులేటరు పెట్టేస్తే గొడవే ఉండదు.

మోడరేటరు
అది చట్టవిరుద్ధం. ఆ చర్చ ఇక్కడ వద్దు.

బెంచి_మేస్త్రి
భీష్మించుకున్నది ఎవరు? అసలు సంగతి ఇప్పుడు మాట్లాడదాం. మీ ప్రొఫైల్లో షెడ్డు ఓనరు అని ఉంది. నేర్చుకో అంటున్నారు, నేర్చుకునే ఆ నెలకు కూలి ఇస్తారా? స్కానరు మీ పేరున, జీఎస్టీ బిల్లు మీ పేరున, పని పోతే మాత్రం మేస్త్రి పేరున.

నాకు తెలిసిన ఒక షెడ్డులో, పేరు అనవసరం, ఈసీయూకు సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుండగా బ్యాటరీ పడిపోయి ఈసీయూ పోయింది. ఆ పని చేసేటప్పుడు ఓల్టేజి నిలబెట్టే సప్లై పెట్టాలి. అది కొనివ్వనిది ఓనరు. జీతంలో నెలనెలా కోసింది మేస్త్రికి. ఇది చూసిన మిగతా మేస్త్రిలు ల్యాప్‌టాప్ వైపు వస్తారా? మీరు దాన్ని మొండితనం అంటారు.

కానూరు_ఈసీయూ
కోయడం తప్పు. నేనైతే కొయ్యను. కానీ నా వైపు కూడా చూడండి. స్కానరుకు అప్పు తెచ్చాను. ఐటీఐ కుర్రాళ్లను తీసుకుని ఆరు నెలలు నేర్పిస్తే కంపెనీ వర్క్‌షాపు యూనిఫాం చూసి వెళ్లిపోతారు. కిస్తీ నాకే మిగులుతుంది. అందుకే ఎక్కడికీ పోడన్న నమ్మకంతో పాత మేస్త్రినే నేర్చుకోమంటున్నాను.

పటమట_పంపు
ఎక్కడికీ పోలేడు కాబట్టి అన్నమాట.

బెంచి_మేస్త్రి
అదీ. పోలేడన్న ధీమాతోనే జీతం పెంచకుండా పని పెంచుతున్నారు. ఒకప్పుడు పంపు పని ఒప్పందం మీద జరిగేది. పంపుకు ఇంత, నాజిల్ సెట్టుకు ఇంత, ఓనరుకు బెంచి వాటా. ఇప్పుడు నెలజీతం, హాజరు పట్టీ. బాధ స్కానరు గురించి కాదు.

గొల్లపూడి_లారీలు
అలాగైతే స్కానింగు మీద కూడా ఒప్పందమే పెట్టుకోండి. నా దగ్గర స్కానింగు చార్జీ వేరే రాసి తీసుకుంటున్నారు. అందులో మేస్త్రికి ఏమీ వెళ్లట్లేదని నాకిప్పుడే తెలిసింది.

కానూరు_ఈసీయూ
వాటా ఇవ్వొచ్చు, కిస్తీ పోను మిగిలినదాంట్లో. కానీ తప్పు నిర్ణయంతో పార్టు మారిస్తే ఆ నష్టంలోనూ వాటా ఉండాలి.

బెంచి_మేస్త్రి
ఉండాలి, కానీ ఎవరు ఏం చూశారో కాగితం మీద ఉన్నప్పుడే. కోడు చెరిపేముందు నోట్ చేయాలి. క్రాంకింగులో (స్టార్టరు తిప్పేటప్పుడు) ఓల్టేజి రాయాలి. 24 ఓల్టుల బండికి 19 కిందికి పడితే ముందు బ్యాటరీలు, ఎర్తు చూడాలి, ఆ స్థితిలో పడిన కోడు ఏదీ నమ్మకూడదు. ఇంజెక్టర్ల నుంచి వెనక్కి పోయే డీజిల్ కొలిచే రిటర్న్ లీక్ టెస్టు చేసి ఏ ఇంజెక్టరు సీసా ఎంత నిండిందో రాయాలి. కింద ఇద్దరి సంతకాలు. అప్పుడు తప్పెవరిదో కాగితమే చెబుతుంది. ఇవన్నీ చేసేది మేస్త్రే. మీ కుర్రాడు చేసేది ప్లగ్గు పెట్టడం.

కానూరు_ఈసీయూ
ప్లగ్గు పెట్టడం అంత తేలిక కాదు. అయినా కాగితం పద్ధతి బాగుంది, పెట్టి చూస్తాను. నేర్చుకునే నెల కూలి మాత్రం పూర్తిగా ఇవ్వలేను, సగం ఇవ్వగలను.

బెంచి_మేస్త్రి
సగం కూలితో ఇల్లు గడవదు.

పటమట_పంపు
ఇద్దరూ చెప్పిన దాంట్లో ఒకటి పనికొచ్చేలా ఉంది. దమ్ములకు ముందు ట్రాక్టరు పంపులు ఎలాగూ వస్తాయి, ఆ నెలలు బెంచి మీద ఒప్పందం. బెంచి ఖాళీగా ఉండే నెలల్లో సగం కూలికి స్కానరు. అప్పుడు పోయే సగం కొంత తక్కువ బాధిస్తుంది. మా మేస్త్రి ముందు పెట్టి చూస్తాను. ఆయన ఒప్పుకుంటాడని మాత్రం చెప్పలేను.

చిన్న_స్పానరు
హెల్పరునండి. మేస్త్రి మీటరు ఇచ్చి క్యాన్ వైర్లు (బండిలోని కంప్యూటర్లను కలిపే లైను) చూడమన్నాడు. బ్యాటరీ తీసేసి 16 పిన్నుల సాకెట్‌లో 6కీ 14కీ మధ్య పెడితే 60 ఓములు రావాలంట. నాకు 40 వస్తోంది. మీటరు పాడైందా?

కానూరు_ఈసీయూ
మీటరు బాగానే ఉంది తమ్ముడూ. ఆ లైనుకు రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లు రెండుంటాయి, సమాంతరంగా ఉంటాయి కాబట్టి కలిపితే 60. 120 వస్తే ఒకటి తెగిందని. 40 వచ్చిందంటే మూడోది ఎవరో తగిలించారు. బయట బిగించిన జీపీఎస్ గానీ డీజిల్ సెన్సర్ గానీ ఉందేమో చూసి, దాని ప్లగ్గు పీకి మళ్లీ కొలువు.

చిన్న_స్పానరు
జీపీఎస్ ఉంది. పీకితే 60 వచ్చింది.